ట్యాంకుకూ ఊపిరాడాలి

బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. అందుకేనేమో పెట్రోలు ట్యాంకు కూడా నాకు ఒక ఖాతాలాగే కనిపిస్తుంది. అందులోంచి ఒక లీటరు పెట్రోలు ఖర్చయితే, ఆ చోట్లోకి ఒక లీటరు గాలి జమ కావాలి. ఆ గాలి వచ్చే సన్నని దారినే మెకానిక్కులు ‘వెంట్’ అంటారు. పాత మోపెడ్లు, స్కూటర్ల మూతకు సూదిమొనంత రంధ్రం ఉండేది, గుర్తుందా? అది ఇందుకే. ఆ దారి మూసుకుంటే, ట్యాంకు నిండుగా ఉన్నా బండి ఆగిపోతుంది.

మా బావమరిదికి 1980ల నాటి పెట్రోలు వ్యాను ఒకటి ఉంది. వెనక సీట్లు తీసేసి చెక్కతో మంచం, స్టవ్ పెట్టుకునే అర, నీళ్ల డబ్బా అమర్చుకున్నాడు. విదేశాల్లోని మనవాళ్లు మోటార్ హోమ్ అనేది ఇలాంటిదే. రెండేళ్ల క్రితం వేసవిలో రెండు కుటుంబాలవాళ్లం అందులో హోసూరు నుంచి కృష్ణగిరి మీదుగా తిరుపతి బయలుదేరాం. శూలగిరి దాటగానే వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పది నిమిషాలకు కదిలింది, మరి కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. దారిలో ఒక షెడ్డువాళ్లు ఫిల్టరు మార్చారు, గుణం కనిపించలేదు. మరొకాయన ట్యాంకు మూత వదులు చేసి, చుట్టూ గుడ్డ చుట్టి, “ఇంక పొండి సార్” అన్నాడు. వ్యాను చక్కగా పరుగెత్తింది. కాని అరగంటలో పెట్రోలు వాసనకు పిల్లలకు తల తిరగసాగింది. ఆ రాత్రి వ్యానులో స్టవ్ వెలిగించకుండా, అందులో పడుకోకుండా లాడ్జిలో దిగాం.

ఆ జాగ్రత్త ఎందుకంటే, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి పోకుండా నేలబారున, మంచం కిందా మూలల్లోనూ పేరుకుంటుంది. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది. ఇక మన ఎండల సంగతి చెప్పాలా!

తిరిగివచ్చాక మూకండపల్లిలో, సిప్‌కాట్ ఫ్యాక్టరీల పక్క వీధిలో ఉన్న ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయన ఏ భాగమూ విప్పలేదు. మూత గట్టిగా బిగించి, వ్యాను తిప్పుకొచ్చి, అది దగ్గడం మొదలుపెట్టగానే మూత తిప్పాడు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు! “ఇంజనుకు ఏమీ లేదు సార్. ట్యాంకుకు ఊపిరాడేదానికి దారి లేదు,” అన్నాడు.

కిందికి దూరి చూస్తే కారణాలు రెండు దొరికాయి. వెంట్ గొట్టం బయటి కొసలో కుమ్మరిపురుగు మట్టితో గూడు కట్టింది. గొట్టం నడుమ భాగాన్ని మంచం చెక్క నొక్కేసింది. పైగా మన దారి కూడా ఒక కారణమే. హోసూరు ఎత్తు దాదాపు మూడు వేల అడుగులు. కృష్ణగిరి అంతకు వెయ్యి అడుగులకు పైగా పల్లం. దిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి నాలుగు శాతం దాకా పెరుగుతుంది. దారి మూసుకున్న ట్యాంకులో ఆ మేరకు వెలితి ఇంకా ఎక్కువవుతుంది.

పాత బండ్లు ఉన్నవారు ఈ సంగతులు గమనించగలరు. మూత తీయగానే హుస్సుమని, ఆ తరువాత బండి బాగా నడిస్తే లోపం వెంట్‌లోనే. మూత తీసినా మార్పు లేకపోతే ఫిల్టరునో, పంపునో, వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడే వేపర్ లాక్‌నో అనుమానించాలి. మూత మార్చేటప్పుడు ఆ బండికి తగినదే కొనాలి. గాలి దారి మూతలోనే ఉండే బండికి రంధ్రం లేని మూత పెడితే జబ్బు కొనితెచ్చుకున్నట్టే. వెంట్ గొట్టాన్ని ట్యాంకు నుంచి విడదీశాకే గాలి కొట్టి శుభ్రం చేయాలి. ట్యాంకులోకి గాలి కొట్టరాదు, నోటితో పెట్రోలు పీల్చరాదు. గొట్టం ఎక్కడా వంపు జారి ఉండకూడదు, ఆ వంపులో పెట్రోలు నిలిచి గాలికి అడ్డుపడుతుంది. కొస బండి బయటికే ఉండాలి, దానికి సన్నని జాలీ కట్టాలి.

ట్యాంకును మూతిదాకా నింపకండి. పది డిగ్రీల వేడి పెరిగితే పెట్రోలు సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. అంటే 40 లీటర్లకు దాదాపు 400 మిల్లీలీటర్లు! చోటు లేకపోతే అది వెంట్ నుంచే బయటికి వస్తుంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలిపే స్థాయికి వచ్చాం. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి, మెత్తబడవచ్చు. అందుచేత గొట్టం కొనేటప్పుడు ఎథనాల్ పెట్రోలుకు తగినదేనా అని అడగండి. తోటకు నీళ్లు పట్టే ట్యూబు ముక్కతో సరిపెట్టకండి. కొత్త బండ్లలో ఈ ఆవిరిని బొగ్గు డబ్బా పట్టి ఉంచి, ఇంజనుకే తిరిగి పంపుతుంది. పాత బండికి ఆ ఏర్పాటు లేదు కనుక ఆ జాగ్రత్త మనదే.

మా వ్యానుకు కొత్త గొట్టం, జాలీ, మంచం చెక్కలో ఒక చిన్న గాడి సరిపోయాయి. ఖర్చు ఆనాటి లాడ్జి అద్దెకన్నా తక్కువే. మూత వదులు చేయడం బండిని నడిపిస్తుంది గాని, ఆ ఆవిరిని పిల్లలు పడుకునే చోటికి తెస్తుంది. ట్యాంకు గాలి పీల్చుకునే చోటు వేరు, మనం పీల్చుకునే చోటు వేరుగా ఉండాలి. వేసవి ప్రయాణానికి ముందు ఒక్కసారి వంగి ఆ గొట్టం కొస చూడండి.