పలుకని వలపు, పేలిన తుపాకి: ‘నువార్’ను గూర్చిన అపోహలు – వాస్తవములు

జపాను దేశపు టీవీ టోక్యోలో 2001వ సంవత్సరము ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు, రాత్రి మిక్కిలి ప్రొద్దుపోయిన పిమ్మట, 26 భాగములుగా ప్రసారమైన ‘నువార్’ అను యానిమే ధారావాహిక, ఇద్దరు యువతుల సాహసకథ. పారిస్ నగరమున నివసించుచు కూలికి హత్యలు చేయు కోర్సికా ద్వీపజాత మిరేయ్ బుకే ఒకతె. తన పేరేమో పుట్టుకయేమో ఎరుగక, మనుష్యులను చంపు నేర్పు మాత్రమే చేతులలో మిగిలియున్న జపాను విద్యార్థిని కిరికా యూమురా వేరొకతె. ఒక జేబుగడియారమున మ్రోగు రాగము వారిరువురిని కలుపగా, ఆ రాగము వెనుక దాగిన గతమును వెదకుచు, ‘నువార్’ అను ఉమ్మడి పేరుతో వారు హంతకవృత్తిని సాగింతురు. దీనికి దర్శకుడు కోయిచి మషిమో, రచయిత ర్యోయె త్సుకిమురా, సంగీతము కూర్చినది యుకి కజియురా, నిర్మించినది బీ ట్రెయిన్ సంస్థ. ఈ కథను గూర్చి ప్రచారములోనున్న కొన్ని అపోహలను విచారించుట ఈ వ్యాసోద్దేశము. విచారణలో కథారహస్యములు బయటపడక తప్పదు గనుక, ఇంకను చూడనివారు క్షమింతురు గాక.

అపోహ: నెత్తురు కానరాదు గనుక ఇది హింసను ఆటగా చూపిన పిల్లల బొమ్మలాట.

వాస్తవము: ఇందు గుండు తగిలినవాడు కూలును గాని, నెత్తురు చిందుట మిక్కిలి అరుదు, ఇది నిజమే. అయినను మిరేయ్ చేతి వాల్టర్ పి99, కిరికా చేతి బెరెట్టా ఎం1934, ఇవి రెండును లోకమున నిజముగా నున్న ఆయుధములే. వానివలన కలిగిన మరణమును ఈ కథ తేలికగా కొట్టివేయదు. ఒక భాగమున, పూర్వము సోవియట్ గూఢచారిశాఖలో నుండి ఘోరమైన ఊచకోత చేయించి, వార్ధక్యమున దిక్కులేనివారికి సేవచేయుచు జీవించు వృద్ధుని చంపవలసివచ్చినప్పుడు, అతని పిల్లిని చేరదీసిన కిరికా అతని మంచితనమును కన్నులార చూచియు తుపాకి దింపదు. పాపము పాతదైనంత మాత్రమున శిక్ష తప్పునా, శిక్షించువాని చేతులు శుద్ధములా అను ప్రశ్నలు ప్రేక్షకునికి వదలబడును. ఇట్టి ప్రశ్నలు పసివారిని ఉద్దేశించినవి కావు.

అపోహ: మిరేయ్, కిరికలది బాహాటమైన ప్రేమకథ.

వాస్తవము: 26 భాగములను వెదకినను వీరిరువురి నడుమ ప్రేమను ప్రకటించిన వాక్యము గాని, చుంబనము గాని కానరాదు. పైగా వారి సాంగత్యమునకు పడిన పునాది ప్రేమకు నేరుగా విరుద్ధమైనది: గతము తేలిననాడు నిన్ను నా చేతులతోనే చంపుదునని మిరేయ్ మొదటనే చెప్పును, కిరికా అందులకు సమ్మతించును. ఇద్దరు స్త్రీల ప్రణయమే ప్రధానవస్తువుగా నున్న రచనను కోరి దీనిని చేపట్టినవారు నిరాశ చెందిరన్న, ఆ దోషము కథది కాదు, వారికి దీనిని అట్లు వర్ణించి చెప్పినవారిది.

అపోహ: అట్లయిన, ప్రేమయంతయు అభిమానుల ఊహయే.

వాస్తవము: ఈ అపోహ పైదానికి ప్రతిపక్షముగా పుట్టి, దానికన్న ఎక్కువ దూరము దారి తప్పినది. చెప్పబడనిది లేనిదేయని వాదించువారికి, వాచ్యార్థమునకన్న వ్యంగ్యార్థమే కావ్యమునకు ప్రాణమని 9వ శతాబ్దమునందే ధ్వన్యాలోకమున నిరూపించిన ఆనందవర్ధనుడే సమాధానము. కథ నడచిన తీరు చూడుడు. ఒకే ఇంట నివసించుచు, తేనీరు పంచుకొనుచు, అవసరమునకు కలిసిన ఇరువురు క్రమముగా ఒకరి రాకకై ఒకరు ఎదురుచూచు స్థితికి వచ్చుదురు. తన తల్లిదండ్రులను చంపినది పసితనమున ఆజ్ఞకు లోబడిన కిరికాయేయని తేలి, పగయు ప్రతిజ్ఞయు రెండును అనుమతించుచున్నప్పుడు, చంపుమని కిరికాయే వేడుకొన్నప్పుడు కూడ, మిరేయ్ తుపాకి మీటను నొక్కలేకపోవును. పిమ్మట కిరికా విడిచిన లేఖను చదివి ఆమెను వెదకుచు బయలుదేరును; తుదకు అగాధముపై వ్రేలాడుచు చావగోరు ఆమె చేయి విడువక, బ్రదుకుమని ప్రాధేయపడును. ఇక కత్తులు విసరు క్లోయీ యను మూడవ యువతికి కిరికాపైగల మోహము మరింత స్పష్టమైనది. మిరేయ్ స్థానమును తాను పొందలేకపోతినని ఆమె పడు ఈర్ష్య, ఆ స్థానము సామాన్యమైన స్నేహము కాదని చూచువారికి తెలుపుచున్నది. ఈ ఘట్టముల నన్నిటిని కూర్చినవారు రచయితయు దర్శకుడునే గాని అభిమానులు కారు. ప్రేమ ఇందు ప్రకటితము కాదు, ధ్వనితము.

అపోహ: ‘నువార్’, ‘మాడ్‌లాక్స్’, ‘ఎల్ కజడోర్ దె లా బ్రూహా’ అను మూడును ఒకే కథకు మూడు ఖండములు.

వాస్తవము: కావు. 2004లో వచ్చిన ‘మాడ్‌లాక్స్’ కల్పితదేశపు అంతర్యుద్ధమును, 2007లో వచ్చిన ‘ఎల్ కజడోర్’ ఎడారి దారుల ప్రయాణమును వర్ణించును. పాత్రలును లోకములును వేరు, ముఖ్యరచయితలును వేరు. నిర్మాణసంస్థ, దర్శకుడు, సంగీతకర్త్రి, కథానాయికలు ఇరువురుండుట మాత్రమే మూడింటికిని సమానము. దేనినైనను ముందుగా చూడవచ్చును.

అపోహ: స్త్రీల నడుమ అనురాగమును కథావస్తువు చేయుట జపానులో ఇటీవల, అదియు పాశ్చాత్యుల ప్రభావమున, పుట్టిన వేడుక.

వాస్తవము: బాలికల నడుమ గాఢానురాగమును చిత్రించిన నొబుకో యోషియా కథలు ‘హనా మొనొగతారి’ పేర 1916 నుండియే ప్రచురింపబడుచు వచ్చినవి. పురుషపాత్రలను సైతము స్త్రీలే ధరించు తకరజుకా నాటకసమాజపు తొలి ప్రదర్శనము 1914 నాటిది. చిత్రకథలలో 1971లో ర్యోకో యమగిషి రచించిన ‘షిరోయి హెయా నో ఫుతారి’, యానిమేలో 1997 నాటి ‘షోజో కకుమే ఉతెనా’ ఈ మార్గమున ప్రసిద్ధములు. ‘నువార్’ విత్తనము కాదు, పాతుకొనిన చెట్టునకు తుపాకిమోతతో పూచిన యొక కొమ్మ.

అపోహ: ముగింపున వినబడు రెండు తుపాకిమోతలు నాయికల మరణమునకు నిదర్శనము.

వాస్తవము: ఆ మోతలు వినబడుట మాత్రము నిజము. కాల్చినదెవరో, కూలినదెవరో చూపబడలేదు. మృతులని రూఢిగా చెప్పువారును, క్షేమమని ప్రమాణము చేయువారును తెరమీద లేనిదానికి సాక్ష్యమిచ్చుచున్నారు. నెత్తురును, ప్రణయవాక్యమును, ముగింపును మూడింటిని ఈ కథ బుద్ధిపూర్వకముగానే అదిమిపెట్టినది. పై అపోహలలో ప్రధానమైనవి ఆ మూడు చోట్లనే మొలకెత్తినవి. చూపినదానిని కాదనకయు, చూపనిదానిని చూచితిమనకయు చూడగలిగిన ప్రేక్షకునికి ఇందు అపోహకు తావు లేదు, ఆస్వాదమునకు లోటు లేదు.