గొడ్డలి గుర్తు, కాలిపోయిన రిజిస్టరు

జకరీ క్లూటియే అను వడ్రంగి 1634లో ఫ్రాన్సులోని పెర్ష్ ప్రాంతము నుండి ఫ్రెంచి వలసయైన క్యుబెక్‌కు వచ్చాడు. చదువు రానందున పత్రములపై సంతకమునకు బదులు గొడ్డలి గుర్తు వేసేవాడు. 1640లో అక్కడి ఆలయముతోపాటు బాప్తిస్మ, వివాహ రిజిస్టరులు కాలిపోగా, వాటిని జ్ఞాపకమును బట్టి తిరిగి వ్రాయవలసి వచ్చింది. అయితే ఆయన కుమార్తె ఆన్ వివాహమునకు 1636లో వ్రాసిన ఒప్పందపత్రము నిలిచియున్నది. కనుక వంశమును వెదకువారు రిజిస్టరుతోపాటు ఇటువంటి పత్రములను కూడ చూడవలెను.

వంశావళిలో పేరు కనబడనివారు యాజకత్వము నుండి తొలగింపబడినట్లు ఎజ్రా 2:62లో చదువుచున్నాము. ప్రతి రిజిస్టరును రెండు ప్రతులుగా ఉంచవలెనని 1667లో ఫ్రెంచి రాజశాసనము ఆదేశించింది. మన సంఘములలోను రెండవ ప్రతిని వ్రాసి, వేరొక చోట భద్రపరచుదము. మనము వ్రాయని పేరును రేపు వారి బిడ్డలు ఎక్కడ వెదకగలరు?