ఆఫీసు కంప్యూటర్లో అమ్మకి ఉత్తరం

డాలస్‌లో మా ఆఫీసు కంప్యూటర్లో సొంతంగా ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనివ్వరు. ఇంగ్లీషు అక్షరాల్లో నేను రాసే తెలుగు మెయిళ్ళని అమ్మ పక్కింటబ్బాయి చేత చదివించుకునేది. మా ఇంటి గొడవలన్నీ అతనికి కంఠతా!

ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు పెట్టాలంటే అడ్మిన్ హక్కులుండాల్సిందే. విండోస్ 10, 11లలో మెనూలు తెలుగులోకి మార్చే లాంగ్వేజ్ ప్యాక్‌ని మావాళ్ళు ఆపేశారు. కీబోర్డు సంగతి వేరు. ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చేటప్పుడు ప్యాక్ దగ్గర టిక్కు తీసేస్తే మామూలుగా అడ్మిన్ అవసరం రాదు. (కంపెనీ రూల్సు ముందు చూసుకోండి.) భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కడమే.

వేళ్ళకి వారం రోజులు తికమకే. 'అమ్మ' అని రాయాలంటే షిఫ్ట్ పట్టి డి, తర్వాత సి, డి, సి!

మొన్నటి ఉత్తరం అమ్మ తనే చదువుకుంది. "అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యరా" అంది ఫోన్లో.