జ్ఞాపకం గురించి రెండు ప్రయోగాలు

డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు పరీక్షల ముందు నాకు పాఠాలు అప్పజెప్పింది. 1879లో వుంట్ లైప్జిగ్‌లో పెట్టిన ప్రయోగశాల మొదలు పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పెట్టె, ఫ్రాయిడ్ అచేతనం వరకు ఎక్కడా తడుముకోలేదు. వీరిలో మన సాహిత్య విమర్శలోకి గట్టిగా వచ్చినవాడు ఫ్రాయిడ్. వచ్చి, అవసరానికి మించిన చోటు ఆక్రమించాడు కూడా. నా దృష్టిలో రచయితకు అంతకన్నా పనికొచ్చేది జ్ఞాపకాన్ని గురించిన అధ్యాయం.

అది ఎబింగ్‌హాస్‌తో మొదలవుతుంది. 1885లో గ్రంథం వెలువరించిన ఈ జర్మన్ తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. అర్థమున్న మాటలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి, లెక్క చెడుతుంది. అందుకని రెండు హల్లుల నడుమ ఒక అచ్చు పెట్టి, అర్థంతో పనిలేని పొడి అక్షరాల గుంపులు సుమారు 2,300 తయారుచేశాడు. వాటిని వరుసలుగా బట్టీపట్టి, వ్యవధి ఇచ్చి మళ్లీ నేర్చుకుంటే శ్రమ ఎంత ఆదా అయిందో కొలిచాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం, ఒక రోజుకు 34, నెలకు 21. మరపు మొదట పరుగెత్తి, తర్వాత నెమ్మదిస్తుందన్నమాట. 2015లో ప్రచురితమైన పునఃప్రయోగంలోనూ గీత దాదాపు అలాగే వచ్చింది.

మేనకోడలు ఆ గీత గీసి చూపించింది. దాని అర్థమేమిటే అన్నాను. "అర్థం అడగరు మావయ్యా, అంకెలు వేస్తే చాలు" అంది. ఎబింగ్‌హాస్‌ను కూడా పొడి అక్షరంలాగే నేర్పుతున్నారు!

1932లో కేంబ్రిడ్జ్‌లో బార్ట్‌లెట్ దీనికి ఎదురుదారి పట్టాడు. అర్థాన్ని తీసేయకుండా ఏకంగా కథనే ఇచ్చాడు. అమెరికా వాయవ్య తీరపు చినూక్ ఆదివాసుల నుంచి ఫ్రాంజ్ బోయాస్ సేకరించిన కథ అది. సీల్ అనే సముద్రజంతువు వేటకు వెళ్లిన ఇద్దరు యువకుల్లో ఒకడు దెయ్యాల యుద్ధంలో చేరతాడు, దెబ్బ తగిలినా నొప్పి తెలియదు, ఇల్లు చేరిన మర్నాడు పొద్దు పొడవగానే నోటినుంచి ఏదో నల్లనిది వచ్చి చనిపోతాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని రెండుసార్లు చదివి పావుగంటకు ఒకసారి, ఆపైన వారాలకూ నెలలకూ తిరిగి రాశారు. సీళ్ల వేట చేపలు పట్టడమైంది. దెయ్యాలు కొందరి కథల్లోంచి వెళ్లిపోయాయి. ఆ నల్లనిది ఒకరికి నోటి నురగగా మారింది. కథ పొట్టిదై, పొందికై, వాళ్లకు 'అర్థమయ్యేది' అయింది. ఎవరూ కావాలని మార్చలేదు. తాము పెరిగిన సమాజం ఇచ్చిన చట్రంలో - స్కీమా అన్నాడతను - పట్టనిది జారిపోయింది, ఖాళీల్లో అతుకులు పడ్డాయి.

పాతికేళ్ల కిందట నేనొక గూడెంలో నాలుగు రోజులుండి వచ్చి కథ రాశాను. కళ్లారా చూసిందే రాశానని గర్వం కూడా. అందులో ఒక ముసలమ్మ చనిపోయిన కొడుకును తలచుకుని ఏడుస్తుంది. నాతో వచ్చిన మిత్రుడు అచ్చయ్యాక చదివి, "ఆమె ఏడవలేదు గదా! కొడుక్కి అన్నం పెట్టి, ఆ రోజు కబుర్లు చెప్పింది" అన్నాడు. నేను మూఢనమ్మకమని దాచలేదు. నాకసలు గుర్తే లేదు. శోకమంటే ఏడుపేనన్నది నా మధ్యతరగతి చట్రం.

అయితే వాస్తవికత అసాధ్యమని కొందరు వాదిస్తారు. నేనొప్పుకోను. 1967లో గాల్డ్, స్టీఫెన్‌సన్ అనే ఇద్దరు ఇదే కథ ఇచ్చి, అందులో వున్నదే రాయాలని గట్టిగా చెబితే కల్పనలు బాగా తగ్గాయి. బార్ట్‌లెట్ అలాంటి ఒత్తిడి పెట్టలేదు. ఈ సంగతి మేనకోడలి పాఠ్యపుస్తకంలో లేదు. జ్ఞాపకం ఎవరికి జవాబు చెప్పుకోవాలో దాన్నిబట్టి కూడా మారుతుందని దీన్నించి నేను గ్రహించాను. ఆ కథ రాసేటప్పుడు నేను జవాబు చెప్పుకుంది సంపాదకుడికీ పట్నపు పాఠకుడికీ. ముసలమ్మ చదవదన్న ధీమా మనసులో ఎక్కడో వుండే వుంటుంది.

సంపుటిలో చేర్చేముందు దిద్దుదామని కూర్చున్నాను. కొడుకుతో ఆమె చెప్పిన కబుర్లేమిటో మిత్రుడికీ గుర్తులేదు.