తేలుకీ సీతాకోకచిలుకకీ చుట్టరికం

తేలు, పీత, సాలీడు, సీతాకోకచిలుక. ఈ నాలుగింటికీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

ఒకటి కుడుతుంది. ఒకటి కూరకు పనికొస్తుంది. ఒకటి మూలల్లో గూడు అల్లుతుంది. ఒకటి పూల మీద వాలుతుంది. కానీ వీటి కాళ్ళు చూడండి. ప్రతి కాలికీ కీళ్ళున్నాయి. లోపల ఎముకలు లేవు. ఒంటిని కాపాడే పొర పైన ఉంది.

ఇలాంటి జీవులన్నిటినీ శాస్త్రవేత్తలు ఒకే వంశం కింద చేర్చారు. దాని పేరు ఆర్థ్రోపోడా. అంటే కీళ్ళ కాళ్ళ జీవులు అని అర్థం. రొయ్య, జెర్రి, చీమ, దోమ, బొద్దింక కూడా ఈ వంశానివే. నత్తకు పెంకు ఉంది. కానీ కీళ్ళ కాళ్ళు లేవు. అందుకని నత్తది వేరే వంశం.

వంశంలో శాఖలు

ఈ పెద్ద వంశంలో శాఖలున్నాయి. కాళ్ళు లెక్కపెడితే కొంత తెలుస్తుంది. చీమకు 6 కాళ్ళు. దోమకు 6. సీతాకోకచిలుకకు 6. ఇవి కీటకాలు. సాలీడుకు 8 కాళ్ళు. తేలుకు కూడా 8. కాబట్టి సాలీడు కీటకం కాదు. అది తేలుకు దగ్గర చుట్టం. పీతకు డెక్కలతో కలిపి 10 కాళ్ళు. దానిది మరో శాఖ.

ఈ వరసలు తెలిస్తే మనకేం లాభం? వరి చేలో సుడిదోమ దుబ్బుల్లో చేరి రసం పీలుస్తుంది. సాలీడు ఆ దోమను తింటుంది. రెండూ పురుగులేగా అని మందు కొడితే రెండూ చస్తాయి. పంటకు కాపలా పోతుంది. ఏది ఏ జాతో తెలిసిన వాళ్ళు తొందరపడి మందు కొట్టరు.

మీసాలు ఏమయ్యాయి?

ఇంకో తేడా ఉంది. బొద్దింకకు పొడుగాటి మీసాలున్నాయి. వాటితోనే దారి తడుముకుంటుంది. సాలీడుకు మీసాలు లేవు. నోటి దగ్గర రెండు కోరలున్నాయి. తేలు నోటి దగ్గర రెండు చిన్న కొక్కేలున్నాయి. వంశం ఒకటే అయితే ఈ తేడా ఎలా వచ్చింది?

దీనికి జవాబు పాత రాళ్ళలో వెతకాలి. చచ్చిన జీవి బురదలో కూరుకుపోతుంది. కాలం గడిచి బురద రాయి అవుతుంది. జీవి ఆకారం అందులో నిలిచిపోతుంది. దీన్నే శిలాజం అంటారు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో అలాంటి రాళ్ళున్నాయి. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. ఆ రాళ్ళలో దొరికిన ఒక జీవి గురించి 2024లో శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పారు. అది బతికింది సుమారు 45 కోట్ల సంవత్సరాల కిందట! దాని ఒంటి చోట బంగారంలా మెరిసే ఖనిజం చేరింది. అది బంగారం కాదు. ఇనుము, గంధకం కలిసినది. ఆస్పత్రిలో మనకు సీటీ స్కాన్ తీస్తారు కదా! ఆ రాయికీ అలాగే తీశారు. రాయిని పగలగొట్టకుండానే లోపలి జీవి కాళ్ళూ తలా కనిపించాయి.

దాని చుట్టాలకు తల ముందు రెండు పెద్ద చేతులుండేవి. వాటితో ఎరను పట్టేవి. ఈ జీవికీ ఆ చేతులున్నాయి. కానీ గోళ్ళు బాగా చిన్నవైపోయాయి. ఒక్కో చేతి చివర మూడు పొడుగాటి తీగలున్నాయి. కళ్ళ జాడ లేదు. చీకట్లో ఆ తీగలతో తడుముకుంటూ తిండి వెతుక్కునేదని శాస్త్రవేత్తలు అన్నారు. పట్టుకునే చెయ్యి తడిమే మీసం లాగా మారిందన్న మాట!

దాని తల నిర్మాణం కూడా పరిశీలించారు. ఆ పెద్ద చేతులు, బొద్దింక మీసాలు, సాలీడు కోరలు, తేలు కొక్కేలు తలలో ఒకే భాగం నుంచి వచ్చినవే అన్నారు. అవయవం ఒకటే. ఒక శాఖలో మీసం అయింది. ఇంకో శాఖలో కోర అయింది.

ఇంటి పేరు, సొంత పేరు

కొత్త జీవి అంటే కొత్తగా పుట్టింది కాదు. కొత్తగా పేరు పెట్టింది. మనకు ఇంటి పేరు ముందు, సొంత పేరు తరవాత ఉంటాయి. శాస్త్రంలోనూ అంతే. స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే శాస్త్రవేత్త తనకు తెలిసిన జంతువులకు ఈ పద్ధతిలో పేర్లు పెట్టాడు. ఆ పుస్తకం 1758లో వచ్చింది. మనం తేలు అంటాం. హిందీవాళ్ళు బిచ్చూ అంటారు. శాస్త్రం పేరు మాత్రం అన్ని దేశాల్లో ఒకటే.

ఈ జీవి పేరు లోమాంకస్ ఎడ్జ్‌కోంబీ. లోమాంకస్ ఇంటి పేరు లాంటిది. రెండోది గ్రెగ్ ఎడ్జ్‌కోంబ్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టింది. ఆయన కీళ్ళ కాళ్ళ జీవుల మీద చాలా పరిశోధన చేశారు.

చూడటం, లెక్కపెట్టడం, పోల్చడం. వరస తేల్చే పని వీటితోనే మొదలవుతుంది. మనకూ కళ్ళున్నాయి. ఇప్పుడు రాయడం కూడా వచ్చింది.

మీరూ చేసి చూడండి

1. మీ చేలో, పెరట్లో కనిపించే 5 పురుగుల పేర్లు రాయండి. ముట్టుకోకుండా చూసి, కాళ్ళు లెక్కపెట్టండి.
2. వాటిలో కీటకాలు ఏవి? సాలీడు శాఖవి ఏవి?
3. పంటకు మేలు చేసే పురుగులు మీకు ఏవి తెలుసు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.