జర్మనీ పాత సమాధుల తోటలు: మూడు ఊళ్లు, ఒక రోజు, ఒకే టికెట్

లైప్‌జిగ్, హాలె, వైమార్. తూర్పు జర్మనీలోని ఈ మూడు నగరాలు సాక్సనీ, సాక్సనీ-అన్హాల్ట్, థురింగియా అనే మూడు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి రైల్లో గంట, గంటన్నరకు మించి పట్టదు. మూడు రాష్ట్రాల్లోనూ చెల్లే రోజువారీ టికెట్ ఒకటి దొరుకుతుంది. అది ప్రాంతీయ రైళ్లకే పనికొస్తుంది, ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎక్కడానికి వీల్లేదు. మామూలు రోజుల్లో ఉదయం 9 గంటల నుంచి అమల్లోకి వస్తుంది. పాత సమాధుల తోటలు చూడాలని ఒంటరిగా బయల్దేరేవారికి ఇంత అనువైన దారి జర్మనీలో అరుదు.

మధ్యయుగంలో ఇక్కడ చనిపోయినవారిని ఊరి నడుమ, చర్చి చుట్టూ ఉన్న నేలలోనే పూడ్చేవారు. జనం పెరిగారు, ప్లేగు మళ్లీ మళ్లీ వచ్చింది, చర్చి ఆవరణల్లో చోటు చాలలేదు. శ్మశానాలను ఊరి బయటికి మార్చడం మేలని మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1527లో రాశాడు. విశేషమేమంటే, ఆయనను గట్టిగా వ్యతిరేకించిన పాలకులు కూడా అదే పని చేశారు. హాలెలో 1529లో కార్డినల్ ఆల్బ్రెక్ట్, లైప్‌జిగ్‌లో 1536లో డ్యూక్ గేయార్గ్ ఖననాలను ప్రాకారం అవతలికి తరలించారు. మతం మీద రాజీపడని రెండు పక్షాలను ఆరోగ్యం ఒకే దారి పట్టించింది.

లైప్‌జిగ్‌లో అలా ఊరి బయటికి వెళ్లినవాళ్లు చేరిన చోటు యోహానిస్ సమాధుల తోట. రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు కాబట్టి, టికెట్ అమల్లోకి రాకముందే పొద్దున్నే చూసిరావడం నయం. 19వ శతాబ్ది చివర్లో ఇక్కడ ఖననాలు ఆపేశారు. ఇప్పుడది గ్రాసీ మ్యూజియం వెనక చెట్ల నీడన ఉన్న ఒక పార్కు. పచ్చికలో అక్కడక్కడా పాత రాళ్లు మిగిలాయి. సంగీతకర్త వాగ్నర్ తల్లి సమాధి వాటిలో ఒకటి.

అందరికంటే పెద్ద పేరున్న మనిషి మాత్రం ఇప్పుడిక్కడ లేడు. సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1750లో కన్నుమూసినప్పుడు యోహానిస్ చర్చి గోడ పక్కన పూడ్చారు. రాయి పెట్టలేదు. ఆ చర్చిని తిరిగి కట్టే పనుల్లో 1894లో ఓక్ చెక్క శవపేటిక ఒకటి బయటపడింది. వైద్యులు ఎముకలను పరీక్షించి అవి బాఖ్‌వేనని నిర్ణయించారు. 1900లో వాటిని చర్చి కింది గదిలో ఉంచి, ఆ పక్కనే గెల్లెర్ట్ అనే కవి అస్థికలనూ చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు చర్చి నాశనమైంది. బాఖ్ అస్థికలు ఆయన పాటలు కట్టి పాడించిన సెయింట్ థామస్ చర్చికి చేరాయి. గెల్లెర్ట్‌వి విశ్వవిద్యాలయ చర్చికి వెళ్లాయి. ఆ చర్చిని 1968లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పేల్చేయడంతో అవి మళ్లీ కదలాల్సి వచ్చింది. చివరికి ఊరి దక్షిణాన ఉన్న పెద్ద శ్మశానంలో ఆయనకు చోటు దొరికింది. ఒక నగరం ఎన్ని దెబ్బలు తిన్నదో ఈ ఒక్క కవి అస్థికలు చెబుతాయి.

లైప్‌జిగ్ నుంచి హాలెకు లోకల్ రైళ్లు తరచుగా నడుస్తాయి. హాలె స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే ష్టాట్‌గొటెస్‌ఆకర్ అనే సమాధుల తోట వస్తుంది. రోజంతటిలో ఒక్కచోటే తీరిగ్గా గడపగలిగితే అది ఇక్కడే కావాలి. బయటినుంచి చూస్తే ఎత్తైన గోడలున్న కోటలా ఉంటుంది. లోపల అడుగుపెడితే నాలుగు వైపులా కమానులు, నడుమ చెట్లు, గడ్డి, సమాధులు. ఇటలీలోని కాంపోసాంటో అనే పద్ధతిలో కట్టిన ఇలాంటివి ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన కొన్నే మిగిలాయి. నికెల్ హోఫ్‌మన్ అనే స్థపతి 1557లో పని మొదలుపెట్టాడు. మొత్తం 94 కమానులు. ఒక్కో కమాను కింద నేల కాస్త లోతుగా ఉంటుంది. అది ఒక్కో కుటుంబానికి చెందిన సమాధి గది. కమాను అంచు వెంట చెక్కిన అక్షరాలు, తీగలు, ఆకులు ఒకదానిలో ఉన్నట్టు మరొకదానిలో ఉండవు. ఎండ వాలుగా పడే వేళ చూస్తే ఆ చెక్కడాల్లో ఉలి దెబ్బలు కూడా కనిపిస్తాయి.

1945 బాంబు దాడుల్లో కొన్ని కమానులు కూలిపోయాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు పట్టించుకునేవారు లేక మిగిలినవీ శిథిలమయ్యాయి. జర్మనీ ఏకమయ్యాక, నోబెల్ బహుమతి పొందిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ కుమార్తె ఇచ్చిన విరాళం ఈ కట్టడాన్ని నిలబెట్టింది. రూపు చెరిగిపోయిన చోట పాతదానికి నకలు చెక్కకుండా ఈ కాలపు శిల్పులతో కొత్త శిల్పాలు చేయించడం మంచి నిర్ణయం. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలుస్తుంది. ఎవరినీ మభ్యపెట్టలేదు.

సంగీతకర్త హాండెల్ తండ్రి ఇక్కడే ఉన్నాడు. మంత్రగత్తెలన్న పేరుతో ఆడవాళ్లను శిక్షించడాన్ని, విచారణలో చిత్రహింసను ఎదిరించి రాసిన న్యాయవేత్త క్రిస్టియన్ థొమాసియుస్ కూడా ఇక్కడే. తెలుగువారు తప్పక ఆగాల్సిన సమాధి మాత్రం ఆగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె (1663–1727)ది. హాలెలో అనాథాశ్రమం, బడులు, ముద్రణాలయం నెలకొల్పిన మతబోధకుడాయన. తమిళ తీరంలోని తరంగంబాడికి 1706లో వచ్చిన మిషనరీలు ఆయన శిష్యులే. ఆ పరంపరలోనే వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు, తెలుగుకు వ్యాకరణం రాశాడు. 1743లో ఇండియా వదిలి హాలెకు తిరిగివెళ్లి, 1746–47లో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరం అచ్చుయంత్రం ఎక్కిన తొలి ఊళ్లలో హాలెది ముందు వరస. ఫ్రాంకె సంస్థల భవనాలు ఈ శ్మశానానికి నడిచి వెళ్లేంత దగ్గర్లోనే ఉన్నాయి. కాస్త సమయం మిగుల్చుకుంటే అవీ చూడవచ్చు.

హాలె నుంచి వైమార్‌కు రైలు జాలె నది లోయ వెంట సాగుతుంది. నౌంబుర్గ్ దగ్గర కొండవాలుల్లో ద్రాక్షతోటలు, బాడ్ కోజెన్ దాటుతుండగా గుట్ట మీద రెండు పాత కోటలు కిటికీలోంచే కనిపిస్తాయి.

వైమార్‌లో స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలోనే యాకోబ్ చర్చి శ్మశానం ఉంది. చిన్నది, పాతది. 1553లో చనిపోయిన చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్ ఇక్కడే ఉన్నాడు. కవి గోథే భార్య క్రిస్టియానె సమాధి కూడా ఇక్కడే. 1816లో ఆమె పోయాక సమాధి ఆనవాలు లేకుండా పోయి, చాలా ఏళ్ల తర్వాత దాన్ని గుర్తించి రాయి వేశారు. ఆవరణ మూలన ఒక మండపం కింద ఉమ్మడి సమాధి గది ఉండేది. సొంత సమాధి గది లేని పెద్దమనుషులను అందులో ఉంచేవారు. కవి షిల్లర్‌ను 1805లో అక్కడే ఉంచారు.

ఇరవై ఏళ్లు గడిచాక షిల్లర్‌కు తగిన చోటు చూపాలని నగర మేయర్ పూనుకున్నాడు. 1826లో గది తెరిస్తే శవపేటికలు కుళ్లి ఎముకలు కలగలిసిపోయి ఉన్నాయి. మేయర్ 23 పుర్రెలు బయటికి తీయించి, అన్నింట్లో పెద్దది షిల్లర్‌దేనని తేల్చాడు. గోథే ఆ పుర్రెను కొంతకాలం తన ఇంట్లో ఉంచుకున్నాడు, దాని మీద పద్యం కూడా రాశాడు. 1827లో ఆ అస్థికలను ఊరి దక్షిణాన, 1818లో మొదలైన కొత్త శ్మశానంలోని రాజవంశ సమాధి మందిరానికి చేర్చారు. 1832లో గోథే ఆ పక్కనే చేరాడు. రెండు ఓక్ శవపేటికలు, వాటిపై రెండే పేర్లు. తరతరాల జర్మన్లు ఆ గదిలో నిలబడి తలవంచారు.

అనుమానం మాత్రం పోలేదు. 1911లో మరో పుర్రె బయటికొచ్చి, ఇదే అసలుదన్న వాదం లేచింది. చివరికి షిల్లర్ దగ్గరి బంధువుల సమాధులు తెరిచి డీఎన్‌ఏతో పోల్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది: రెండు పుర్రెల్లో ఏదీ ఆయనది కాదు, ఎముకలు ఒకరికంటే ఎక్కువ మందివి. ఇప్పుడు షిల్లర్ శవపేటిక ఖాళీగా ఉంది. దాన్ని తొలగించలేదు, లోపల ఆయనే ఉన్నాడని చెప్పడమూ లేదు. ఊరి గర్వాన్ని దెబ్బతీసే నిజాన్ని ఇలా బాహాటంగా ఒప్పుకోవడం ఆ కవికి దక్కిన అసలైన గౌరవం.

ఈ మందిరానికి ఆనుకునే బంగారు గుమ్మటాలతో రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉంది. జార్ చక్రవర్తి కూతురు మరియా పావ్లోవ్నా వైమార్ కోడలిగా వచ్చింది. తన మతం విడవకుండానే భర్త పక్కన ఉండాలని ఆమె కోరిక. అందుకే 1860 దశకం మొదట్లో ఈ చర్చి కట్టి, కింద రెండు కట్టడాల మధ్య గోడ తెరిచి ఆమె శవపేటికను అక్కడ ఉంచారు. పునాదికి రష్యా నుంచి మట్టి తెప్పించారు.

మధ్యాహ్నం దాటాక వైమార్ నుంచి బయల్దేరితే చీకటి పడకముందే లైప్‌జిగ్ దక్షిణ శ్మశానం చూడవచ్చు. వేసవిలో అక్కడ పొద్దు బాగా ఆలస్యంగా కుంకుతుంది. స్టేషన్ నుంచి 15వ నంబరు ట్రామ్ వెళ్తుంది. 1886లో తెరిచిన ఈ శ్మశానం దాదాపు 80 హెక్టార్లు ఉంటుంది. దారులన్నీ కలిసి పైనుంచి లిండెన్ చెట్టు ఆకు ఆకారంలో కనిపించేలా వేశారు. మే నెలలో రోడోడెండ్రాన్ పొదలు విరగబూస్తాయి. నెపోలియన్ ఓడిన 1813 యుద్ధానికి గుర్తుగా కట్టిన 91 మీటర్ల స్మారకం పక్కనే నిలబడి ఉంటుంది.

ఇది ఇప్పటికీ వాడుకలో ఉన్న శ్మశానం. జర్మనీలో సమాధి స్థలం సాధారణంగా శాశ్వత హక్కు కాదు, కౌలు లాంటిది. గడువు ఊరిని బట్టి మారుతుంది, చాలాచోట్ల ఇరవై ఏళ్లకు అటూ ఇటూ. ఆ తర్వాత కుటుంబం మళ్లీ రుసుము కట్టకపోతే రాయి తీసేసి చోటు ఇంకొకరికి ఇస్తారు. యూదు శ్మశానాల్లో ఈ పద్ధతి లేదు, వారి సంప్రదాయంలో సమాధిని కదిలించకూడదు. అందుకే వోర్మ్స్ నగరంలో 11వ శతాబ్దపు రాళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చారిత్రక విలువున్న పాత సమాధులను పౌరులు దత్తత తీసుకుని, మరమ్మతు ఖర్చు తామే భరించే పద్ధతి కూడా చాలా నగరాల్లో ఉంది.

నీటి కుళాయిల దగ్గర కొయ్యలకు వేలాడదీసిన ప్లాస్టిక్ నీళ్లక్యాన్లు, రాళ్ల ముందు ఎర్రగాజులో వెలిగే దీపాలు, మొక్కలకు నీళ్లు పోస్తున్న ముసలివాళ్లు అక్కడ రోజూ కనిపించేవే. వాళ్లు దుఃఖంలో ఉన్న కుటుంబీకులు కాబట్టి కెమెరా వాళ్లవైపు తిప్పకూడదు. గేట్లు మూసే వేళలు కాలాన్ని బట్టి మారుతాయి, ప్రవేశద్వారం దగ్గరి పలక మీద రాసి ఉంటాయి. ఒంటరిగా లోపలికి వెళ్లేవారు ముందుగా దాన్ని చూసుకోవాలి.