వీసా చీటీలు - ఏటి కొలత



మార్చి నెల ముగియు దినములలో మన పల్లెలయందు పెక్కు ఇండ్లలో ఒక్కటే మాట వినవచ్చుచుండును: "అబ్బాయి పేరు వచ్చినదా?" ఇది పరీక్షల సంగతి గాదు. అమెరికాలో పని చేయుటకు వలయు హెచ్-1బి అను వీసాకు అచ్చట చీటీలు తీయుదురు. అందు కుమారుని పేరు వచ్చినదో లేదో యని తల్లిదండ్రుల ఆతురత. ఈ చీటీల పద్ధతి తెలియనిదే పెద్దలు పిల్లలకు సరియైన ఆలోచన చెప్పజాలరు. కావున నేడా విషయమును విన్నవించెదను.

ఈ వీసా పట్టపుచదువు అవసరమైన వృత్తులకు, అనగా ఇంజనీర్లు, కంప్యూటరు నిపుణులు, వైద్యులు మున్నగువారికి ఏర్పడినది. దీనికై విన్నపము చేయవలసినవాడు పనివాడు గాడు; అమెరికాలోని యజమాని. అనుమతి మొదట మూడేండ్లకు లభించును. పొడిగించినచో సాధారణముగా ఆరేండ్ల వఱకు సాగును.

ఒక చెరువున్నదనుకొనుడు. దాని నీరు ఇన్ని యెకరములకే చాలును. ఆయకట్టు ఏటేట పెరుగుచున్నను చెరువు పెరుగదు. ఈ వీసాల స్థితియు నట్టిదే. 1990లో అమెరికా శాసనసభ చేసిన చట్టము ఏటికి 65,000 అను కొలత పెట్టినది. 2000 సంవత్సరము సమీపించినప్పుడు కంప్యూటర్లలో తేదీల చిక్కు పుట్టి, నిపుణులకు గిరాకి హెచ్చెను. అప్పుడు ఆ కొలతను 1,15,000కును, పిదప 2001 మొదలు 2003 వఱకు 1,95,000కును పెంచిరి. హైదరాబాదునుండియు కోస్తా జిల్లాలనుండియు మనవారు పెద్దయెత్తున వెడలిన కాల మదియే. గడువు తీరగానే, 2004లో కొలత మరల 65,000కు దిగినది. ఆ యేడే చేసిన మఱియొక చట్టముచే, అమెరికా విశ్వవిద్యాలయములలో పై పట్టము పొందినవారికి 20,000 అదనముగా చేర్చిరి. 65,000లో 6,800 చిలీ, సింగపూరు దేశములవారికై ప్రత్యేకింపబడినవి. విశ్వవిద్యాలయములలోను, ప్రభుత్వ పరిశోధనాలయములలోను కొలువు దొరకినవారికి ఈ కొలత వర్తింపదు.

కోరువారు కొలతను మించినందున చీటీలు తప్పలేదు. 2020 మొదలు యజమానులు మార్చి నెలలో అభ్యర్థి పేరు నమోదు చేయుదురు. పేరు వచ్చినవారికొరకు ఏప్రిలునుండి విన్నపములు పెట్టుదురు. కొలువు అక్టోబరు మొదటి తేదీన ఆరంభమగును. వారి ప్రభుత్వ సంవత్సరము ఆనాడే మొదలగును.

2023 మార్చిలో తగిన నమోదులు 7,58,994 వచ్చినవి. ఇందు సగమునకు మించినవి ఒకే మనిషి పేరు పలువురు యజమానులచేత వ్రాయించినవి. అందుచేత 2024నుండి ఒక మనిషికి ఒక్క చీటియే యని నిబంధన మార్చిరి. 2025లో 3,43,981 నమోదులకు 1,20,141 ఎంపికైనవి. కొందరు విన్నపము పెట్టరు, కొందరివి త్రోసివేయబడును గనుక, కొలతకంటె హెచ్చుగా తీయుదురు. అనగా మువ్వురిలో ఒక్కనికి పేరు వచ్చినది, ఇరువురికి రాలేదు. ఆ యిరువురు చదువులో తక్కువవారని దీని యర్థము గాదు.

ఇటీవల దారి మఱింత ఇరుకైనది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంపు, ఆ దేశమునకు వెలుపలనున్నవారికై పెట్టు క్రొత్త విన్నపమునకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని, ఒక యేటి కాలమునకు ఆనతి యిచ్చెను. ఆ డిసెంబరులోనే, జీతపు తరగతిని బట్టి చీటీలు వేయు నిబంధన ప్రకటించిరి. పై తరగతి జీతగానికి నాలుగు చీటీలు, క్రింది తరగతివానికి ఒక్కటి. చదువు ముగించి క్రొత్తగా కొలువున చేరు మన పిల్లలు చాలవఱకు క్రింది తరగతులలోనే యుందురు.

ఇక పెద్దలు గమనింపవలసినవి మూడు.

మొదటిది: "వీసా నా పూచీ" యను దళారిని నమ్మకుడు. కొలత శాసనసభది, చీటి యంత్రము తీయును. ఇందు దళారి చేయగలిగినది లేదు. పైగా, చట్టము ప్రకారము యజమాని చెల్లింపవలసిన సుంకములను పనివానిచేత కట్టించుట తప్పు.

రెండవది: లేని కొలువును ఉన్నట్లు చూపించుకొనుటకు ఒప్పుకొనకుడు. కల్ల చెప్పి వీసా కోరినట్లు తేలినచో ఆ దేశపు తలుపు జీవితాంతము మూతపడవచ్చును.

మూడవది ముఖ్యమైనది. పిల్లవానిని చదువునకు పంపుటకు పొలము తాకట్టు పెట్టుచున్నారు. చదువు పిదప అచ్చట ఒక యేడును, శాస్త్ర సాంకేతిక విద్యలవారికి మఱి రెండేండ్లును పని చేయు వీలున్నది. ఆ లోపల రెండు మూడు సారులు చీటిలో పేరు పడవచ్చును. అన్ని సారులును తప్పిపోవచ్చును. కావున అప్పు చేయుటకు ముందే, "పేరు రాకున్నను, ఇచ్చటి జీతముతో ఈ అప్పు తీరునా?" యని లెక్క వేసికొనుడు. తీరదని తోచినచో అప్పు తగ్గించుడు. లేదా చదువు ఇచ్చటనే చెప్పించుడు.

హైదరాబాదు చేరువనున్న చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోరి పదునొకండు ప్రదక్షిణములు చేయుదురు; కోరిక తీరినచో నూటయెనిమిది. మ్రొక్కు మ్రొక్కుటలో తప్పులేదు. కాని పేరు రాక ఇల్లు చేరిన పిల్లవానిని ఊరిలో నలుగురు చిన్నచూపు చూచుట తప్పు. అతడు ఓడిపోలేదు, చెరువు నీరు అతని మడివఱకు రాలేదు, అంతియే. ఆ మాట మొదట చెప్పవలసినవారు ఇంటి పెద్దలైన మీరే.